అరువు నొప్పి

పోచారం కాలువ కింద, నాగిరెడ్డిపేటకు కూతవేటు దూరంలో ఒక వాడ ఉండేది. నాట్లు వచ్చాయంటే అక్కడి ఆడవాళ్లు ఒకరి మడికి ఒకరు బదులు పోయేవారు. ఈరోజు నీ మడిలో నేను నాటు వేస్తే, రేపు నా మడికి నువ్వు రావాలి. పిల్లల్ని చూసుకోవడమైనా, దొర గడిలో వెట్టి అయినా అంతే, అన్నీ బదులే. నొప్పి కూడా బదులే. ఒకామెకు నడుము మరీ పట్టేస్తే ఇంకొకామె వచ్చి, వీపుకు వీపు ఆనించి నిలబడి "ఇయ్యి" అనేది. ఈమె "తీస్కో" అనేది. నొప్పి అటు మారేది. పొద్దుగూకాక అలాగే నిలబడితే మళ్లీ సొంతింటికి వచ్చేసేది. నియమం ఒకటే. తీసుకున్న మనిషి ఆ పూట ఒళ్లు వంచి పని చేయకూడదు, ఒక మూల పడుకోవాలి. అరువు నొప్పితో పని చేస్తే అది ఆ ఒంట్లోనే కాపురం పెడుతుంది.

రామవ్వ నొప్పిని వాడంతా మోసింది. చివరి కాన్పు అయ్యి పచ్చి ఒళ్లు ఆరకముందే ఆమెను గడిలో వడ్లు దంచడానికి పిలిచారు. ఆ రోజు పట్టిన నడుము మళ్లీ వదల్లేదు. ఆముదం కాచి రుద్దారు, వాతలు పెట్టారు. తోలు కాలింది గాని నొప్పి కదల్లేదు.

ఆమె పెనిమిటి లింగయ్య ఒకనాడు ఎల్లారెడ్డి అంగడి నుంచి పరుగున వచ్చాడు.

"అంగట్ల ఒక డాక్టరు సాబు డేరా ఏసిండు. ఆయన చూసి ఊఁ అన్నడంటే కామారెడ్డిల రైలెక్కించి పట్నం దవాఖానకు తోలుతరట. ఆడ నడుములు బాగు చేస్తరట!"

"ఎల్లారెడ్డిదాంక బండిల ఎట్ల కూసుంట? కుదుపుకే పాణం పోతది," అంది రామవ్వ.

తోడికోడలు చంద్రవ్వ అక్కడే బియ్యం ఏరుతోంది. చేట కింద పెట్టి లేచింది.

"నాకియ్యి అక్కా. నువ్వు పొయ్యొచ్చేదాంక నేను పండుకుంట."

ఎంత మంచి మాట! ఆ మంచి మాటే కొంప ముంచింది. డాక్టరు దగ్గరికి నొప్పితోనే పోవాలని ఆ వాడలో ఒక్కరికీ తోచలేదు. పెండ్లికి పోయినా అంగడికి పోయినా నొప్పిని ఇంట్లో వదిలి పోవడమే వాళ్లు ఎరిగిన మర్యాద మరి.

డేరాలో డాక్టరు ఉర్దూలో అడిగేవాడు. కాంపౌండరు అబ్రాహాము తెలుగులో చెప్పేవాడు. డాక్టరు చేయి మెత్తనిదే. నడుము మీద మెల్లగా నొక్కుతూ పోయాడు.

"ఈడ నొస్తదా?"

"లేదు సారూ."

"ఈడ?"

"యాడ లేదు సారూ. ఇయ్యాల నా దగ్గర లేదు. మా చంద్రవ్వ తీస్కున్నది."

అబ్రాహాము ఆ మాట ఉన్నదున్నట్టు చెప్పాడు. డాక్టరు కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు.

"నొప్పిని ఇంట్ల పెట్టి మనిషిని తోలుకొస్తే నేనేం జూడాలె అంటున్నరు సాబు," అన్నాడు అబ్రాహాము.

"మళ్ల అంగడికి తెస్త సారూ, నీ కాళ్లు మొక్కుత," అంది రామవ్వ.

"ఒక్కపారి చూసినోళ్లను మళ్ల చూడరవ్వా. నువ్వు మంచిగున్నవని చెప్పేసిండ్రు. ఇగ అంతే."

అదే సమయానికి ఇక్కడ వాడలోకి గడి మనిషి దేవన్న వచ్చాడు. దొర ఇంటికి చుట్టాలు వస్తున్నారు, వడ్లు దంచాలి. రామవ్వ లేదని తెలిసి చంద్రవ్వను లేపాడు.

"నా దగ్గర అక్క నొప్పి ఉన్నదన్నా. ఇయ్యాల నేను వంగద్దు," అంది చంద్రవ్వ.

"ఎవలి నొప్పైతేంది? రోకలి పట్టేది చేతులే గద. నడువ్!"

సందెవేళ బండి దిగిన రామవ్వకు తోడికోడలు గోడకు జారగిలబడి కనిపించింది. అరచేతులు బొబ్బలెక్కి ఉన్నాయి. ఇద్దరూ వీపుకు వీపు ఆనించారు.

"ఇయ్యి చెల్లె."

"తీస్కో అక్కా."

ఏమీ రాలేదు. మళ్లీ అడిగింది, మళ్లీ ఇచ్చింది. రామవ్వ నడుము చల్లగా, హాయిగా ఉంది. అన్నేళ్లూ నొప్పికి ఏడ్చిన మనిషి ఆ సాయంత్రం నొప్పి రాలేదని గుండె బాదుకుని ఏడ్చింది.

మరుసటి అంగడికి చంద్రవ్వను బండెక్కించారు. కుదుపు కుదుపుకూ ఆమె కొంగు కొరుక్కుంటుంటే రామవ్వ ఒళ్లో పట్టుకుని కూర్చుంది. డేరాలో డాక్టరు ఇలా వేలు పెట్టాడో లేదో చంద్రవ్వ కేక అంగడి దాకా వినిపించింది. డాక్టరు ముఖం వాడిపోయింది.

"మస్తు ముదిరింది, పట్నం పంపాలె అంటున్నరు," అన్నాడు అబ్రాహాము. అతని గొంతులోనూ సంతోషం పలికింది.

రామవ్వ రెండు చేతులూ జోడించింది. అప్పుడు డాక్టరు ఆమె వైపు తేరిపార చూసి, గుర్తుపట్టి ఏదో అడిగాడు.

"ఈ నొప్పి ఎవలిది అంటున్నరు?" అన్నాడు అబ్రాహాము.

ఒక్క అబద్ధం చాలేది. రామవ్వ నోటికి అది రాలేదు.

"నాదే సారూ."

డాక్టరు చేయి వెనక్కి తీసుకున్నాడు. చాలాసేపు మాట్లాడాడు. అబ్రాహాము తల వంచుకుని చెప్పాడు.

"నొప్పి ఎవలిదో ఆ మనిషినే పంపాల్నట. ఆ మనిషివి నువ్వు. నిన్ను చూసి మంచిగున్నవన్నరు. ఈమెకేమో సొంత నొప్పి లేదు. అరువు నొప్పికి రైలు లేదంటున్నరవ్వా."

బండి వచ్చిన దారినే తిరిగి వెళ్లింది. అంతకంటే అన్యాయం ఇంకోటి ఉంటుందా అంటే, ఉంది. నాట్ల నాటికి దేవన్న గట్టు మీదికి వచ్చి, "రామవ్వా, నీ నడుము మంచిగున్నదని డాక్టరే చెప్పిండట గద. రేపటిసంది దంచుడుకు నువ్వే రావాలె," అని కేకేసి పోయాడు.

రామవ్వ పొద్దున గడిలో దంచి, ఆ తర్వాత తన సాలు, చంద్రవ్వ సాలు రెండూ తానే నాటేది. చంద్రవ్వ గట్టు మీద ఒక పక్కకు ఒరిగి కూర్చుని నారు కట్టలు అందించేది. పొద్దుగూకే వేళకు రామవ్వ బురద కాళ్లతోనే వెళ్లి ఆమె వెనక కూలబడేది. వీపుకు వీపు ఆనించేది.

"ఇయ్యి చెల్లె."

"ఇచ్చిన అక్కా."

నొప్పి వస్తుందేమోనని కాసేపు చూసేది. ఆ తర్వాత, ఎక్కడా ఏ నొప్పీ లేకుండా, ఎంతో సులువుగా లేచి నిలబడేది.