చెరువు గడ్డకట్టిన చలికాలం

మా ఊళ్ళో మంచు మీద నడవడం ఎవరికీ రాదు. చలికి పేరుమోసిన మినసోటా రాష్ట్రంలో పుట్టినవాళ్ళు ఈ మాట బయటికి చెప్పుకుంటే తల ఎక్కడ పెట్టుకోవాలి? చుట్టుపక్కల ఊళ్ళవాళ్ళంతా చలికాలం రాగానే చెరువుల మీద గుడిసెలు వేసుకుని, మంచుకు కన్నం పెట్టి, అందులోకి గాలం వదిలి కూర్చుంటారు. మేం మాత్రం జనవరిలో కూడా పడవల్లో తిరిగేవాళ్ళం. కారణం మా బొగ్గు ప్లాంటు. అది చెరువు నీళ్ళతో యంత్రాలు చల్లబరుచుకుని, ఆ వేడినీళ్ళు మళ్ళీ చెరువులోకే వదిలేది. నేను కాపురానికి వచ్చిన దగ్గర్నుంచీ మా చెరువు గడ్డకట్టింది లేదు. నడిచలికాలంలో పడవెక్కి చేపలు పట్టాలన్న మోజుతో ఎక్కడెక్కడివాళ్ళో వచ్చేవాళ్ళు. వాళ్ళకి ఎరలూ, గాలాలూ, వేడి కాఫీ అమ్మేది నేనే. ఒడ్డున ఉన్న ఆ ఎరల కొట్టు నాది. నా పేరు ఆర్డిస్.

తర్వాత చట్టం వచ్చింది. రెండు వేల నలభై నాటికి రాష్ట్రంలో అమ్మే కరెంటంతా కర్బనపు పొగ లేనిదై ఉండాలని రాజధాని సెయింట్ పాల్‌లో కూర్చున్నవాళ్ళు తీర్మానించారు. మా ప్లాంటు కంపెనీ అంతదాకా ఆగలేదు. గాలిమరలు పాతింది, సోలారు పలకలు పరిచింది, మా ప్లాంటును రోజూ నడపడం మానేసింది. మరీ ఎముకలు కొరికే చలి పడి ఊరూరా హీటర్లు ఒక్కసారిగా అందుకుంటే తప్ప దాన్ని లేపరు. రిజర్వు అని దానికో పేరు పెట్టారు. మా ఆయన డ్వేన్ అందులో బాయిలరు నడిపే మనిషి. ఆయన కూడా రిజర్వే అయిపోయాడు. పొద్దున్నే లేచి, డ్యూటీ చొక్కా తొడుక్కుని, వంటింటి కిటికీలోంచి పొగగొట్టం వైపు చూస్తూ కూర్చునేవాడు.

"ఏమయ్యా, అదెక్కడికీ పారిపోదులే, గుడ్లు చల్లారిపోతున్నాయి, తిను."

"పొగ లేకపోతే ఆకాశం బోడిగా ఉందే, ఆర్డిస్."

"ఉంటే ఉంది. నాలుగు రోజులు ఊపిరాడనీ ఆకాశానికి."

నోటితో అలా అన్నానే గానీ, నాకూ దిగులుగానే ఉండేది. ఎందుకంటే ఆ డిసెంబరులో మా చెరువు గడ్డకట్టింది. ఊరు ఊరంతా ఒడ్డుకొచ్చి నిలబడి చూసింది. ఒక్కరైనా కాలు పెడితే ఒట్టు! అందరూ జేబుల్లో చేతులు పెట్టుకుని, "బాగానే కట్టింది" అని తలలూపి వెళ్ళిపోయారు. పడవల జనం రావడం మానేశారు. మంచు జనానికి మా చెరువే ఎందుకు, అడుగుకో చెరువుంది. నా కొట్టు ఈగలు తోలుకునే స్థితికి వచ్చింది. ఆ చలిలో ఈగలు కూడా లేవు, అది వేరే సంగతి.

మినియాపొలిస్ నగరం నుంచి ఒకాయన ఆ జాగా కొంటానని వెంటపడ్డాడు. కొట్టు పడగొట్టి వేసవి ఇల్లు కట్టుకుంటాడట. నాకు ఒళ్ళు మండింది. ఆఖరి ప్రయత్నంగా మంచు మీద చేపల పోటీ పెడుతున్నానని చుట్టుపక్కల ఊళ్ళన్నిటికీ చాటించాను. పోటీ బాగా జరిగి జనం మళ్ళీ వస్తామంటే కొట్టు ఉంటుంది. లేదా, సోమవారం ఆ పెద్దమనిషి వచ్చినప్పుడు సంతకం పెట్టేస్తాను. డ్వేన్‌తో కూడా ఆ మాటే చెప్పాను.

పోటీకి రెండు రోజుల ముందే మా మరిది లైల్ దిగాడు. నార్త్ డకోటాలో ఉంటాడు. అక్కడి బొగ్గు ప్లాంటులోనే పని. మంచు గురించి అతనికి తెలియనిది లేదు, అది నాకు తెలియజెయ్యకుండా అతను ఉండలేడు. భోజనాల దగ్గర కూర్చోగానే మొదలుపెట్టాడు.

"వదినా, మీ చట్టం పుణ్యమా అని మా పొయ్యికి పని పెరుగుతుంది. మీరిక్కడ ఆర్పితే మేమక్కడ రాజేస్తాం. పోయేది ఒకే ఆకాశంలోకి. మధ్యలో గోడేమన్నా కట్టారా మీవాళ్ళు?"

నేను నోరు తెరిచేలోగా డ్వేనే అందుకున్నాడు. ప్లాంటు ఆగిపోయిందని కుమిలిపోయే మనిషి, తమ్ముడు వెక్కిరించేసరికి చట్టానికే వకీలైపోయాడు.

"ముందు చట్టంలో ఏముందో చూడరా. కరెంటు ఎక్కడ పుట్టిందని కాదు, ఎవరికి అమ్మారని అడుగుతుంది. నీ బొగ్గు కరెంటు తెచ్చి మాకు అమ్మితే అదీ మా లెక్కలోకే వస్తుంది. మీ కంపెనీవాడు మీ గోధుమ చేలల్లో గాలిమరలు ఎందుకు పాతుతున్నాడనుకున్నావ్, అందంగా ఉంటాయనా?"

"మేం ఇంకెవరికైనా అమ్ముకుంటాం!"

"అమ్ముకో. కొనేవాడు దొరికినన్నాళ్ళు."

లైల్ పళ్ళెంలో మిగిలిన ఒక్క నిమ్మ బారు మిఠాయినీ ఎవరినీ అడక్కుండా తీసుకుని నోట్లో వేసుకున్నాడు. మా ఇళ్ళల్లో ఆఖరి ముక్క ఎవరూ ముట్టుకోరు. సగం కోసి, ఆ సగంలో సగం కోసి, ఆఖరికి చీమ తలకాయంత మిగిల్చి వంటింట్లో పెడతాం. ఇతను అన్నింటా అంతే.

"పోన్లే, రేపు ఐసు నేను చూసి పెడతాను. మీకేం తెలుసు" అన్నాడు నోటినిండా బారుతో.

"మాకు తెలియకపోవడమేమిటి? మేమూ మినసోటాలోనే పుట్టాం" అన్నాను.

అన్నానే గానీ, మర్నాడు అతను మంచు తొలిచే బర్మాతో చెరువంతా కన్నాలు పెట్టి కొలుస్తుంటే వెనకాలే తిరిగాను. "ఏనుగుల్ని తోలుకురా వదినా, చెక్కుచెదరదు" అన్నాడు. అబద్ధం కాదు. శుక్రవారం మధ్యాహ్నం మా చెరువు అంత గట్టిగానూ ఉంది.

ఆ సాయంత్రమే డ్వేన్‌కి ఫోనొచ్చింది. వారాంతంలో భయంకరమైన చలి రాబోతోందట. ప్లాంటు లేపమన్నారు. ఆయన ముఖం చూడాలి అప్పుడు! పెళ్ళికొడుకు కూడా అంత వెలిగిపోడు. నేనే రాత్రి తిండికి హాట్‌డిష్ డబ్బాలో సర్ది, ఫ్లాస్కులో కాఫీ పోసి, మఫ్లరు చుట్టి పంపించాను. "జాగ్రత్తయ్యా" అన్నాను. "నీ పోటీ అదిరిపోవాలి" అన్నాడు. ఇద్దరం అలా అనుకున్నాం గానీ, ప్లాంటునీ పోటీనీ కలిపి చూసిన బుర్ర మా ఇద్దరిలో ఒక్కటీ లేదు.

శనివారం జనం విరగబడి వచ్చారు. ఉమ్మితే కిందపడేలోగా గడ్డకట్టే చలి. అయినా గుడిసెలు లేచాయి, పిల్లలు జారారు, చర్చి ఆడవాళ్ళు సూప్ కాచారు. నా ఎరలు అయిపోవచ్చాయి. పక్క ఊరి పాస్టరు వచ్చి, "వచ్చే ఏడు మా వాళ్ళందరం ఇక్కడికే" అన్నాడు. నా కాళ్ళు నేల మీద లేవు. కొట్టు నిలబడిపోయిందని అప్పుడే అనుకున్నాను.

ఇంతలో ఎవరో, "అరె, అటు చూడండర్రా!" అన్నారు.

పొగగొట్టంలోంచి పొగ లేచింది. ఎన్నాళ్ళ తర్వాతో నిటారుగా, తెల్లగా, నీలాకాశంలోకి పోతోంది. మా ఊరివాళ్ళు ఒక్కొక్కరే లేచి నిలబడ్డారు. వాళ్ళ తండ్రులు, అన్నదమ్ములు పనిచేసిన చోటు అది. ఎవరు మొదలుపెట్టారో తెలియదు, చేతి తొడుగులతోనే దబదబా చప్పట్లు కొట్టారు. నేనూ కొట్టాను. కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి, రెప్పల మీదే గట్టిపడ్డాయి.

అప్పుడు బాతులు వచ్చాయి. ప్లాంటు వైపు నుంచి కాలువ చెరువులో కలిసే మూల మీద గిరికీలు కొట్టి, ఒకదాని వెనక ఒకటి దిగుతున్నాయి. బాతులు మంచు మీద దిగవలసిన పని ఏముంది? ఆ మూల నుంచి సన్నగా ఆవిరి లేస్తోంది. ఆ ఆవిరిని నేను కొట్టు కిటికీలోంచి ఏళ్ళ తరబడి చూసినదాన్ని. డ్వేన్ వేడినీళ్ళు వదులుతున్నాడు. మేమందరం వాటి నెత్తిన నిలబడి చప్పట్లు కొడుతున్నాం.

"పోటీ ఆపెయ్యండి! అందరూ ఒడ్డుకు పదండి! కింద ఐసు కరుగుతోంది!" అని అరిచాను.

విన్నారు. విని, మా జనం చేసేదే చేశారు. "అలాగా, సరే మరి" అని, ఇక బయల్దేరతామనడానికి మావాళ్ళు చేసే పద్ధతిలో తొడలు చరుచుకున్నారు. లేచారు. లేచి, పక్క గుడిసెవాళ్ళకి చెప్పి వెళ్ళాలి కదా అని ఆగారు. అక్కడ మళ్ళీ మీ అమ్మ మోకాలు ఎలా ఉంది, కాస్త సూప్ పట్టుకెళ్ళండి, వద్దులెండి, అయ్యో కొంచెమే. మాలో ఒక మనిషి ఒక ఇంట్లోంచి కదలాలంటే గుమ్మంలో పూట గడుస్తుంది. మంచు మీద కూడా అంతే. ఆ పాస్టరు నా చెయ్యి పట్టుకుని "చాలా సంతోషం" అనడం మొదలుపెట్టాడు.

నేను ఆయన చెయ్యి విదిలించి పారేశాను. సూప్ గిన్నె బోర్లించాను. "చచ్చిపోతార్రా వెధవల్లారా! కబుర్లు లేవు, వీడ్కోళ్ళు లేవు, పరుగెత్తండి!" పుట్టి బుద్ధెరిగాక నేను ఎవరినీ అంత మాట అనలేదు. ఊరంతా నోళ్ళు వెళ్ళబెట్టి, ఆ దెబ్బకి పరుగు లంకించుకుంది.

లైల్ మాత్రం మంచు మీదికి తోలుకొచ్చిన తన ట్రక్కుకి ఆనుకుని నిలబడ్డాడు. "నిన్న నేనే కొలిచాను వదినా, ఏం కాదు."

"నువ్వు కొలిచింది నిన్నటి ఐసుని! దిగి రావయ్యా మహానుభావా!"

కాలువ వైపు నుంచి ఫెళ్ళుమంది. లైల్ ఎగిరి ఇవతలికి దూకాడు. ట్రక్కు ముక్కు వంచి, నెమ్మదిగా, మర్యాదగా నీళ్ళలోకి దిగింది. తోక మాత్రం పైన మిగిలింది.

ఎవరికీ ఏమీ కాలేదు. దేవుడున్నాడు. కానీ గుడిసెలు చెరువు మీదే ఉండిపోయాయి, గెలిచినవాడు లేడు, పోటీ లేదు. జనం తలలు వంచుకుని, నాకు వీడ్కోలు కూడా చెప్పకుండా కార్లెక్కారు. నేనే కదా వద్దన్నది. ఖాళీ కొట్టులో ఒక్కదాన్నే కూర్చుని ఏడ్చాను.

పొద్దుగూకే వేళకి డ్వేన్ వచ్చాడు. కళ్ళ చుట్టూ మసి, ముఖం నిండా నవ్వు.

"చూశావా?" అన్నాడు గుమ్మంలోంచే.

ఉతికి ఆరేద్దామని కూర్చున్నదాన్ని. ఆ ముఖం చూసేసరికి నోరు రాలేదు.

"చూశాను. ఊరంతా చూసింది. చప్పట్లు కొట్టాం."

"నిజంగా?" అప్పుడు కిటికీలోంచి ట్రక్కు తోక ఆయనకి కనిపించింది. ఎరల తొట్టి అంచు మీద కూలబడ్డాడు.

"పంపు తిప్పుతున్నప్పుడు ఒక్కసారైనా తట్టలేదే నాకు. చెరువంటే నాకు మా పంపు అవతల ఉండే నీళ్ళే. దాని మీద మనుషులుంటారని... నువ్వుంటావని..."

"నాకు మాత్రం తట్టిందా? కాఫీ పోసి మరీ పంపాను."

"కొట్టో?"

"ఇంకేం కొట్టు. సోమవారం ఆయనొస్తాడుగా."

డ్వేన్ లేచి, గోడ మీది ఫోను అందుకుని ప్లాంటు కంట్రోలు గదికి కలిపాడు.

"నేనే. రాసుకోండి. ఇక మీదట యూనిటు లేపాలంటే నాకు చేసే ముందు ఎరల కొట్టుకి చెయ్యాలి. ఆవిడ చెరువు ఖాళీ చేయించి సరేనంటేనే పంపు తిరుగుతుంది. ఎవరి అనుమతా? చలికాలం మొత్తంలో మనకి దీంతో పని ఏ నాలుగు రోజులో. మిగతా రోజులన్నీ అది ఆవిడది." అవతలివాడు ఏదో అడిగాడు. డ్వేన్ నా వైపు చూశాడు. "అవునయ్యా, చెరువు మనది కాదు ఇంక. ఆర్డిస్‌ది."

జీవితమంతా ఆ పొగ కింద బతికిన మనిషి ఆ మాట అనడానికి ఎంత కష్టపడ్డాడో నాకు తెలుసు. దగ్గరికి వెళ్ళి మసి ముఖాన్నే కావలించుకున్నాను. ముందే కబురందితే ఆ ఐసు మీదికి జనాన్ని మళ్ళీ ధైర్యంగా పిలవచ్చు. తర్వాత ఫోను ఆయన చేతిలోంచి తీసుకుని, మినియాపొలిస్ ఆయనకి సోమవారం రావద్దని చెప్పాను.