కాళ్ల దిక్కు

చంద్రవ్వ చచ్చింది పక్కనున్నవాళ్ల తెలివితక్కువతనం వల్ల. ఈ సంగతి ఆమె మొగుడు మేదరి మొగులప్పకు ఎప్పుడో తేలిపోయింది. పుష్కరం గడిచినా దాని మీద రెండో మాట లేదు. రోగం ఉంది, నిజమే. రోగం అందరికీ వస్తుంది. వచ్చినవాళ్లందరూ తాండూరు స్టేషన్లో ప్లాట్‌ఫారం మీద చావరు.

ఆ పొద్దు కూడా అతను ఎప్పటిలాగే ఇంటి ముందు గొంతుకూర్చుని వెదురు చీలుస్తున్నాడు. ఎడమ కాలితో బొంగును అదిమిపట్టి, కణుపు పక్కన కత్తి ఆనించి, చెక్కతో ఒక్క దెబ్బ వేస్తే బొంగు చివరిదాకా పటపటమని విచ్చుకుంటోంది. యాభై దాటిన మనిషి. ఎముకల మీద చర్మం తప్ప ఒంట్లో దాచుకున్నదేమీ లేదు. అరచేతుల్లో వెదురు పేళ్లు గుచ్చుకుని మానిన చోటల్లా నల్ల చుక్కలు. ఎవరి మాటా నచ్చనట్టు పై పెదవి ఎప్పుడూ ఒక పక్కకు లాగి ఉంటుంది.

చీలుస్తున్న బద్దలు గంపలకు కావు. గంపలూ తట్టలూ అల్లడం అతను బాగా తగ్గించాడు. ఇప్పుడు చేసేది రోగులను మోసే కుర్చీలు. రెండు పొడుగాటి బొంగులు, వాటి మధ్య నులకతో అల్లిన ఆసనం, వీపుకు వెదురు దడి, కాళ్లు పెట్టుకోవడానికి పలక. ముందూ వెనకా మనుషులు భుజాలకెత్తుకుంటే పొలం గట్ల మీద కూడా నడవచ్చు. రైలు దగ్గరికి రాగానే బొంగులు లాగేస్తే ఏ డబ్బా తలుపులోనైనా దూరుతుంది. కొడంగల్ దారి ఊళ్లలోనూ ఇటు ధారూర్ దాకానూ అలాంటి కుర్చీలు చాలా ఉన్నాయి. నొప్పులు పడే ఆడవాళ్లు, నాపరాతి గనుల్లో కాళ్లు నలిగినవాళ్లు, పాము కరిచినవాళ్లు వాటి మీదే దవాఖానలకు చేరారు.

జనం అతన్ని పుణ్యాత్ముడన్నారు. ఆ మాట వింటే మొగులప్పకు ఒళ్లు మండేది. మనుషుల మీద ప్రేమ పుట్టి అతను ఆ పనికి దిగలేదు. మనుషుల బుద్ధి మీద నమ్మకం చచ్చి దిగాడు. వాళ్లు మారరు. అందుకని వాళ్ల మూర్ఖత్వానికి కొలత తీసి, దానికి సరిపడా కుర్చీ చేశాడు. ఒకసారి బ్లాకు ఆఫీసు నుంచి ఒక పెద్దమనిషి జీపులో వచ్చి, భేష్ భేష్ అని, కుర్చీలో ఉన్న ముసలమ్మను దింపించి, తానే కూర్చుని ఫోటో దిగాడు. ఫోటో బాగా రావాలని నలుగురు ఆయన్ను ఎత్తుకుని చాలాసేపు ఎండలో నిలబడ్డారు. ముసలమ్మ నేల మీద కూర్చుని చూసింది. 

మొగులప్ప కొలత తీసిన మూర్ఖత్వం ఏమిటంటే ఇది. అక్కడ శవాన్ని ఇంట్లోంచి కాళ్లు ముందుగా తీస్తారు. కాబట్టి బతికున్న రోగిని మంచం మీద మోసుకుపోయేటప్పుడు తల ముందుండాలి. కాళ్లు ముందైతే చావును పిలిచినట్టే. పోలీసు చర్య జరిగిన మరుసటి ఏడు చంద్రవ్వకు కడుపు ఉబ్బి, పచ్చి మంచినీళ్లు కూడా ఇమడకపోతే, ఆమెను నులక మంచం మీద తాండూరు స్టేషన్‌కు మోసుకొచ్చారు. వికారాబాద్ దవాఖానకు పోవాలి. మంచం పట్టే తలుపు గార్డు డబ్బాకే ఉంటుంది. మొగులప్ప టికెట్ల కిటికీ దగ్గర నిలబడి ఉండగా రైలు వచ్చింది. గార్డు డబ్బా వాళ్లు నిలబడ్డచోటికి చాలా వెనకే ఆగిపోయింది. మంచం ఎత్తుకుని వెనక్కి పరుగెత్తేసరికి కాళ్ల దిక్కు ముందైంది. తీరా తలుపు దగ్గరికి వచ్చాక చంద్రవ్వ తమ్ముడు చెన్నయ్య, “తిప్పుండ్రి! మంచం తిప్పుండ్రి!” అని అరిచాడు. ఆ అరుపు టికెట్ల కిటికీ దాకా వినబడింది. మూటలు, జనం, ఇరుకు. నలుగురు మగవాళ్లు ఒకరికొకరు అడ్డం పడుతూ మంచం తిప్పుతుంటే గార్డు జెండా ఊపాడు. తరువాతి రైలు వచ్చేసరికి చంద్రవ్వకు ఏ దిక్కుతోనూ పని లేకుండా పోయింది.

కూర్చున్న మనిషి కాళ్లు కిందికి వేలాడతాయి. వాటికి ముందూ వెనకా లేదు. కుర్చీ ఆలోచన మొగులప్పకు అక్కడ పుట్టింది. అయినా జనం ఊరుకున్నారా? లింగాయతులు తమ శవాలను కూర్చోబెట్టే తీసుకుపోతారు కనుక ఆ కుర్చీ మాకొద్దన్నారు. వాళ్ల కోసం వీపు దడికి తోలు పట్టీలు బిగించి, వెనక్కి వాలే రకం చేశాడు. చేస్తున్నంతసేపూ తిడుతూనే ఉన్నాడు.

“ఎవనికి మొగులప్పా, గీ సింహాసనం?” అంటూ పక్కింటి పెద్దయ్య వచ్చి అరుగు మీద కూలబడ్డాడు.

“నీ నోరు మోస్కపోతందుకు. మస్తు బరువున్నది గద.”

పెద్దయ్య నవ్వలేదు. “చెన్నయ్యకు దమ్ము ఆడుతలేదు. పండుకుంటే ఊపిరి అందుతలేదంట. ఒళ్లంత నీరు పట్టింది. వికారాబాద్ తోల్కపోవాలె.”

మొగులప్ప చెక్కతో కొట్టాడు. బొంగు విచ్చుకుంది.

“నిన్ను అడుగుతందుకు భయపడుతున్నరు.”

“భయమెందుకు? మంచం మీదనే తోల్కపొమ్మను. తిప్పుతందుకు స్టేషన్ల మస్తు జాగ ఉంటది.”

దడి అవతల గాజులు చప్పుడయ్యాయి. చెన్నయ్య భార్య భాగమ్మ అక్కడే నిలబడి అంతా విన్నది. కొంగు భుజం చుట్టూ బిగించుకుని లోపలికి వచ్చింది. ఒకటే సందులో ఉంటున్నా, చంద్రవ్వ పోయాక ఆ రెండిళ్ల మధ్య నిప్పు ఇచ్చిపుచ్చుకున్నది కూడా లేదు.

“తిట్టుకుంటనే ఇయ్యి అన్నా. గని ఇయ్యి.”

మొగులప్ప ఆమె వైపు చూడలేదు. కుర్చీ ఇవ్వకపోతే చెన్నయ్య ఇంట్లోనే పోతాడు. పోతే తనకూ ఆ మందకూ తేడా లేనట్టే. ఆ పోలిక అతను భరించలేడు. లేచి, పంచె దులుపుకుని, గోడకు ఆనించిన కొత్త కుర్చీని ఎత్తాడు.

“ముందు దిక్కు నేను వడుత. మీ చేతుల వెట్టి నేను ఇంట్ల కూసుంటే మల్ల ఏదో తెలివి చూపిస్తరు.”

చెన్నయ్య ఒకప్పుడు గనిలో పలకలు ఒంటిచేత్తో నిలబెట్టిన మనిషి. ఇప్పుడు మొహం ఉబ్బి కళ్లు సన్నగీతలయ్యాయి. కుర్చీలో కూర్చోబెడుతుంటే బావ మొహం చూడలేక తల దించుకున్నాడు. మొగులప్ప అతని నడుము చుట్టూ పట్టీ బిగించాడు. గొడ్డుకు పలుపు కట్టినట్టే కట్టాడు, కానీ ఎక్కడా ఒత్తుకోకుండా కట్టాడు.

గనిలో పనిచేసే బాల్‌రాజ్, పెద్దయ్య వెనక పట్టారు. ముందు మొగులప్ప ఒక్కడే రెండు బొంగుల మధ్య నిలబడి రెండు భుజాలకూ ఎత్తుకున్నాడు. కంది చేల మధ్య బాటలో నడిచారు. భాగమ్మ నీళ్ల చెంబుతో పక్కన నడిచింది.

“తాతా, నువ్వు మోస్తున్నవా, ఏలాడుతున్నవా?” అన్నాడు బాల్‌రాజ్.

“నీ పెండ్లి పల్లకి మోయాలె గద అని బలం దాస్కుంటున్న,” అన్నాడు పెద్దయ్య.

“నోర్లు ఆడినట్టు కాళ్లు ఆడితే ఈపాటికి స్టేషన్ వచ్చుండె,” అన్నాడు మొగులప్ప.

స్టేషన్‌కు చేరగానే రైలు కూడా వచ్చింది. బొంగులు లాగేసి డబ్బాలోకి తోశారు. బాల్‌రాజ్ లోపలికెక్కి చేతులు చాచాడు. కుర్చీ తలుపులో సగం దూరింది. పెద్దయ్య మెట్టు మీద కాలు పెట్టాడు. సరిగ్గా అప్పుడు వెనక భాగమ్మ తుమ్మింది.

పెద్దయ్య కాలు దించేశాడు. “జర ఆగుండ్రి. తుమ్ము వచ్చె.”

“ఆగితే బండి ఆగుతదా తాతా?” బాల్‌రాజ్ కేక వేశాడు.

“ఒక్క గడియ. తుమ్మినంక కదలొద్దు.”

భాగమ్మ రెండు చేతులతో ముక్కు మూసుకుని నిలబడిపోయింది. గార్డు ఈల వేశాడు.

“ఆగు పెద్దయ్యా, ఆగు! వీని దినాల కూడు గూడ ఈడనే తిని పోదం!” మొగులప్ప అతన్ని మోచేత్తో నెట్టి, కుర్చీ కింద భుజం ఆనించి లేపాడు. మెడనరాలు ఉబ్బాయి. కుర్చీ లోపలికి జారింది. భాగమ్మను రెక్క పట్టి ఎక్కించి, పెద్దయ్య ఎక్కాక, కదిలే రైలును పట్టుకుని తానూ ఎక్కాడు. కాళ్ల దిక్కు గొడవ లేని కుర్చీ చేశాడు సరే. తుమ్ముకు తగిన కుర్చీ ఎట్లా చేయాలో అతనికి తెలియలేదు. ఆ జనం ఇంకొకటి కనిపెడతారని కుర్చీ చేసిననాడే తెలిసి ఉండాల్సింది.

డబ్బాలో కుర్చీని కిటికీ పక్కన పెట్టారు. భాగమ్మ దూరంగా ఆడవాళ్ల మధ్య కూర్చుంది. బాల్‌రాజ్, పెద్దయ్య తలుపు దగ్గర బీడీలు వెలిగించారు. కుర్చీ జరగకుండా పట్టుకునే పని మొగులప్పకే మిగిలింది. చెన్నయ్య ఊపిరి తడి కర్ర మండినట్టు చప్పుడు చేస్తోంది.

“బావా.”

“మాట్లాడకు. దమ్ము దాస్కో.”

“గిన్నేండ్లు దాస్కున్న. ఇంక దేనికి?” చెన్నయ్య ఊపిరి కూడదీసుకున్నాడు. “తిప్పుమన్నది అక్క.”

మొగులప్ప అతని వైపు తిరిగాడు.

“అక్కనే, బావా. నా చెయ్యి గట్టిగ వట్టుకున్నది. నన్ను కాళ్లు ముందు వెట్టి తీస్కపోవొద్దు తమ్మీ, నాకు బుగులైతుంది అన్నది. నేను ఒర్లిన. గంతే.”

“అబద్ధం.”

“ఔ. అబద్ధమే అనుకో.”

“మరి ఇన్నేండ్లు నోట్ల మన్ను వోసుకున్నవా?”

“చెప్తే అక్కను తిడుతువు. నన్నయితే తిట్టు, ఫర్వా లేదనుకున్న.”

రైలు ధారూర్ దాటింది. కిటికీ బయట కోసిన జొన్నచేలు వెనక్కి పోతున్నాయి. చంద్రవ్వ దీపాలు పెట్టాక ఇల్లు ఊడ్చేది కాదు. మంగళవారం తల దువ్వేది కాదు. పిల్లి ఎదురొస్తే నీళ్ల బిందెతో వెనక్కి తిరిగొచ్చేది. ఆమెదీ ఆ ఊరే, ఆ జనమే. ఊరందరి మూర్ఖత్వాన్నీ లెక్కగట్టిన మనిషికి ఇది ఒక్కనాడూ తోచలేదు. తోచనందుకు అతనికి చెన్నయ్య మీదే కోపం వచ్చింది. ఆ కోపం చూపించడానికి మళ్లీ తిరిగాడు.

తడి కర్ర చప్పుడు ఆగిపోయి ఉంది. చెన్నయ్య తల దడికి ఆనుకుని, కళ్లు సగం మూసుకుని, రైలు ఊగినప్పుడల్లా ఊగుతున్నాడు. నడుముకు కట్టిన పట్టీ అతన్ని పడిపోనివ్వలేదు. దూరం నుంచి భాగమ్మ, “నిద్ర వట్టిందా?” అన్నట్టు చెయ్యి ఆడించింది. మొగులప్ప తల ఊపాడు. వికారాబాద్ వచ్చేదాకా ఆమెను అట్లాగే అనుకోనిచ్చాడు.

స్టేషన్లో దించాక ఏడ్పులు అయ్యాయి. బాల్‌రాజ్ బయటికి పోయి ఒక ఎద్దుబండి మాట్లాడి వచ్చాడు. శవాన్ని దుప్పటి మీదికి మార్చారు. భాగమ్మ గొంతు పోయి, మొగులప్ప దగ్గరికి వచ్చి నిలబడింది.

“డబ్బల నీతోని ఏందో అనవట్టె. ఏమన్నడన్నా?”

“నీళ్లడిగిండు.”

“చెంబు నా దగ్గరనే ఉండె గద?”

“ఇగ నన్ను అడగకు.” మొగులప్ప గొంతు పెంచలేదు. “ఇయ్యాల్టి ముచ్చట గని, గా దినం ముచ్చట గని, నా నోట్లకెళ్లి ఇగ ఎవ్వరు వినరు. నేను సచ్చేదాంక.”

పెద్దయ్య దుప్పటి కొస పట్టుకుని, ఎటు నుంచి ఎత్తాలన్నట్టు చూశాడు. మొగులప్ప కాళ్ల దిక్కు పట్టి ముందు నడిచాడు.

“కుర్చీ?” అని వెనక నుంచి బాల్‌రాజ్ అడిగాడు. బండి కదిలిపోయింది.

బొంగులు రైలుతోనే పోయాయి. ప్లాట్‌ఫారం మీద మిగిలిన కుర్చీ మీద, హైదరాబాద్ రైలు కోసం వచ్చిన ఎవరో తన ట్రంకుపెట్టె పెట్టి, దాని వీపుకు చెయ్యి ఆనించి నిలబడ్డాడు.