పసుపు రంగు కారు అడిగినావిడ

నేను ఒక చిన్న కారును. ఒంటి రంగు పసుపు.

నేను తయారైన ఫ్యాక్టరీలో నా ముందు ఏడు సీట్ల తెల్ల బండి, నా వెనక ఎత్తయిన నల్ల బండి వరుసలో కదిలేవి. కొత్తగా చేరిన ఇంజనీర్లకు మేనేజరు చెబుతుండగా విన్నాను.

“ఒకాయనకి మైలేజీ కావాలి. ఇంకొకాయనకి అత్తగారి తరఫు వాళ్ళంతా పట్టాలి. మరొకాయనకి పక్కింటివాళ్ళ కారుకన్నా జానెడు ఎత్తుండాలి. అందరికీ ఒకటే చేశామంటే ముగ్గురూ వేరే కంపెనీకి పోతారు.”

“మరి ఈ పసుపు ఎవరు కొంటారు సార్?” అని ఒకమ్మాయి నన్ను చూపించింది.

“సరదా పడేవాళ్ళు,” అన్నాడాయన.

కాకినాడ షోరూములో ఓ మూల చాలాకాలం ఉన్నాను. జనం వచ్చి నా తలుపు తీసి, వేసి, తెల్లదాన్ని కొనుక్కుని పోయేవారు. ఒకరోజు శర్వాణి అనే ఆవిడ వచ్చింది. ఆసుపత్రిలో ల్యాబ్ టెక్నీషియన్. సేల్స్‌మన్ ఫణీంద్ర మైలేజీ గురించి మొదలుపెట్టబోతే ఆపేసింది.

“వీటన్నిట్లో బాగా దూరంనుంచి కనబడేది ఏదండీ?”

అతనికి అర్థం కాలేదు. అప్పుడు చెప్పింది. ఆవిడ భర్త సుదర్శనం విశాఖపట్నం వెళ్తూ, తుని దాటాక టైరు పంక్చరై కారు రోడ్డు పక్కన ఆపాడు. బూడిద రంగు కారు. పొగమంచు. లారీ వెనకనుంచి గుద్దింది. కనబడలేదన్నాడు డ్రైవరు. ధర అడిగే గొంతుతోనే ఇదీ చెప్పింది. ఫణీంద్ర ఆవిడను నేరుగా నా దగ్గరకు తీసుకొచ్చాడు.

ఇంటికెళ్ళేసరికి అత్తగారు వెంకటరత్నం గుమ్మంలో నిలబడిపోయింది.

“వాడు పోయి ఏడాదైనా తిరగలేదు. పసుపురంగు కారేంటమ్మాయ్? నలుగురూ ఏమనుకుంటారు?”

“నలుగురికీ కనబడితే చాలండీ, అత్తయ్యగారూ.”

ఆ మాటతో ఇద్దరి మధ్యా మాటలు దాదాపు ఆగిపోయాయి. అత్తగారు గుడికైనా, బజారుకైనా ఆటోలోనే వెళ్ళేది. శర్వాణి నన్ను ఆసుపత్రికీ ఇంటికీ నడిపేది. పాటలు పెట్టేది కాదు. ఎవరైనా అడ్డం వచ్చినా తిట్టేది కాదు. సిగ్నల్ పచ్చగా మారినా, వెనకవాళ్ళు హారన్ కొట్టేదాకా అలాగే కూర్చునేది. నా స్టీరింగుకు ఆవిడ చేతుల బరువే తెలిసేది కాదు.

తర్వాతి చలికాలం వెంకటరత్నానికి కంటి ఆపరేషన్ కోసం విశాఖపట్నం వెళ్ళాల్సి వచ్చింది. వేరే దారిలేక వెనక సీట్లో ఎక్కింది. తుని దాటాక మంచు కమ్మేసింది. శర్వాణి వేగం తగ్గించింది.

“ఇక్కడేనా?” అంది అత్తగారు.

“ఆఁ.”

“ఆపు.”

నన్ను రోడ్డు అంచున ఆపి, లైట్లు వేసి, ఇద్దరూ దిగి దూరంగా గడ్డిలో నిలబడ్డారు. లారీ చప్పుడు వినబడింది. మంచులోంచి దాని లైట్లు నా మీదికే వచ్చాయి. కాస్త దూరం ఉండగానే హారన్ కొట్టి, పక్కకు తిరిగి వెళ్ళిపోయింది. తర్వాత ఇంకొకటి వచ్చింది. అదీ తప్పుకుంది. ఆ తర్వాత బస్సు.

వెంకటరత్నం ఒక్కొక్కదాన్నీ చూస్తూ నిలబడింది. ఏడవలేదు. శర్వాణీ ఏడవలేదు.

“అందరికీ కనబడుతోందే,” అంది ముసలావిడ చివరికి. ఇద్దరూ తిరిగొచ్చారు. ఈసారి ఆవిడ ముందు సీట్లో కూర్చుంది.

మా కంపెనీ ఇప్పుడు పసుపు రంగు మానేసిందట. ఇష్టపడేవాళ్ళు లేరన్నారు. ఉండరు మరి. నన్ను కొన్నావిడ కూడా ఇష్టపడి కొనలేదు.

ఇంట్లో మాటలు పెద్దగా పెరగలేదు. మంచు కురిసిన రోజుల్లో మాత్రం శర్వాణి తాళాలు తీసుకుని బయటికి వచ్చేలోపే వెంకటరత్నం తడిగుడ్డతో నా లైట్లు తుడుస్తుంది. ముందువి త్వరగానే అవుతాయి. వెనక లైట్ల దగ్గర మాత్రం చాలాసేపు ఉంటుంది.