గునుగు పేరు అమ్మకం

స్వరూప యూనివర్సిటీలో బోటనీ రీసెర్చ్ స్కాలర్. అడవిపూల ఫొటోలు పెట్టడానికి ఒకప్పుడు వెబ్‌సైటు తెరిచి, దానికి 'గునుగు' అనే డొమైన్ పేరు కొనుక్కుంది. థీసిస్ పనిలో పడి సైటును వదిలేసినా, పేరు మాత్రం ఆమెదే.

ఒకరోజు ఐరోపా నుంచి మెయిల్ వచ్చింది. పిల్లల బొమ్మలు చేసే కంపెనీ అట. పలకడానికి ముద్దుగా ఉంది, ఆ పేరు అమ్ముతారా అని అడిగారు. వాళ్లు చెప్పిన ధర చూసి స్వరూప కుర్చీలోంచి లేచి నిలబడింది. తమ చేను గట్టు మీద ఎవరూ నాటకుండానే మొలిచే పువ్వు పేరు, సముద్రాల అవతల ఎవరికో నచ్చింది!

మధ్యలో ఎస్క్రో కంపెనీ ఉంటుందని కొనేవాళ్లు రాశారు. డబ్బు ముందు ఆ కంపెనీ దగ్గర జమ అవుతుంది, పేరు చేతులు మారాక అమ్మినవాళ్లకు అందుతుంది. స్వరూప వాకబు చేసింది. పాత కంపెనీ, మంచి పేరున్నది. కొనేవాళ్లు పంపిన లింకు నొక్కి ఖాతా తెరిచింది. కొద్దిరోజులకే అందులో ఆకుపచ్చ అక్షరాలు కనిపించాయి: 'సొమ్ము జమ అయింది. పేరు బదిలీ చేయండి.' వెంటనే బదిలీకి కావలసిన కోడ్ పంపేసింది.

ఆ సాయంత్రం తార్నాకలో సుధామయి ఇంటికి పరుగున వెళ్లింది. ఇద్దరూ డిగ్రీలో క్లాస్‌మేట్లు. సుధామయి ఇప్పుడు సాఫ్ట్‌వేర్ ఉద్యోగి.

"సుధా, గునుగు అమ్మిన! పైసలు ఎస్క్రోల ఉన్నయి, సూడు."

సుధామయి ఫోన్ అందుకుంది. "ఈ పేజీకి ఎలా వెళ్లావే?"

"వాళ్లే లింకు పంపిన్రు."

సుధామయి తన లాప్‌టాప్‌లో ఆ కంపెనీ చిరునామాను తానే టైపు చేసింది. "ఇందులో లాగిన్ అవ్వు."

అలాంటి ఖాతా లేదంది సైటు.

రెండు తెరలూ పక్కపక్కన పెట్టుకున్నారు. అదే నీలం రంగు, అదే తాళం గుర్తు, అదే పెద్ద ఆఫీసు ఫొటో, అందులో ఉద్యోగుల అవే నవ్వు ముఖాలు. చిరునామాలో మాత్రం ఒక చిన్న అడ్డగీత తేడా. స్వరూప వంగి అలాగే చూస్తుండిపోయింది.

"ఎంత మంచిగ చేసిన్రే!"

"మెచ్చుకోవడం తర్వాత. కోడ్ ఇచ్చేశావా?"

"ఇచ్చిన."

"పేరు ఎక్కడ కొన్నావో ఆ కంపెనీ నుంచి మెయిల్ వచ్చిందేమో చూడు, తొందరగా!"

వచ్చింది. మీ పేరు వేరే చోటికి వెళ్లబోతోంది, వద్దంటే ఈ లోపే చెప్పండి అని ఐదు రోజుల గడువు ఇచ్చారు. అమ్మకంలో అదీ భాగమే అనుకుని స్వరూప పట్టించుకోలేదు. ఇప్పుడు 'వద్దు' అని నొక్కింది. తెర మీద చిన్న చక్రం తిరుగుతుంటే సుధామయి ఆమె భుజం గట్టిగా పట్టుకుంది.

'బదిలీ రద్దయింది.'

స్వరూప నేల మీద కూర్చుండిపోయింది. తూకానికి రానిది, చేత్తో తాకలేనిది సగం దారి వెళ్లిపోయి, ఒక్క వేలితో వెనక్కి వచ్చింది. ఆమె ఏడుస్తూ నవ్వింది. ఇద్దరూ కలిసి పాత కోడ్ మార్చేశారు, పేజీల ఫొటోలు తీసి సైబర్ క్రైమ్ వాళ్లకు ఫిర్యాదు పంపారు.

మర్నాడు క్యాంపస్‌లో బస్సు దిగగానే స్వరూప ఆ దొంగ పేజీని మళ్లీ తెరిచింది. తెల్లటి తెర. వెంటనే ఫోన్ చేసింది.

"సుధా, గంత పెద్ద ఆఫీసు, గంతమంది మనుషులు... గాడ ఏం లేదే!"

"ఎప్పుడూ లేదే, స్వరూపా," అంది సుధామయి.

క్లాసుకు వెళ్లే పిల్లలు ఆమెను తప్పుకుంటూ పోతున్నారు. స్వరూప ఇంకా ఆ తెల్లటి తెర వంకే చూస్తోంది.