రిమ్ముకు రాసిన ఆముదం

ఇంట్లో అమ్మ ఉంది, వంటింట్లో గారెలు తీస్తోంది, నాయినను కన్న అవ్వ ఉంది, దర్వాజా పక్కన గోడకు ఆనుకుని పొగాకు నములుతోంది, నాయిన ఉన్నాడు, బావి మోటారుకు పూజ చేసి వచ్చి పడక కుర్చీలో వాలాడు, నొసటి బొట్టు ఇంకా తుడుచుకోలేదు, నేను ఉన్నాను, నలుగురం, శ్రీపాల్ అన్న ఉంటే ఐదుగురం, అన్న ఇప్పుడే సైకిలెక్కి పోయాడు, జఫర్‌గఢ్ దాక తొక్కి జమ్మికి పోయే యాళ్లకు వస్తనే అమ్మా అని అరిచి పోయాడు, నేను జాలారు దగ్గర కూర్చుని చేతులు కడుక్కుంటున్నాను, ఎంత రుద్దినా జిడ్డు వదలడం లేదు, ఆముదం ఒక పట్టాన వదలదు కదా అనుకున్నాను, అనుకోగానే చేతులు ఆగిపోయాయి, నా చేతికే వదలనిది రిమ్ముకు ఎట్లా వదులుతుంది.

దసరా పొద్దున ఇంట్లోని ఇనుమంతా నాదే, నాగలి కర్రు, కొడవళ్లు, గొడ్డలి, కత్తిపీట, అన్నీ తుడిచి ఆముదం రాసి పసుపు కుంకుమ పెట్టాలి, చిన్నప్పటి నుంచీ నా పని, పాత సైకిల్ రిమ్ములకు కూడా కొబ్బరి పీచుతో మెరిసేదాకా రాసేదాన్ని, తుప్పు పట్టదని అందరూ మెచ్చుకునేవాళ్లు, పాత సైకిల్‌ను ఆపాలంటే కాలు నేలకు ఆనిస్తే చాలు, తెలంగాణ గొడవల ఏడాది బళ్లు మూసేస్తే అన్న దాని మీదే, సీటెక్కకుండా చట్రం సందులోంచి కాలు పెట్టి, కైంచి తొక్కుడు నేర్చుకున్నాడు, కానీ ఇది ఆ సైకిల్ కాదు, దర్జీకి ఇచ్చినట్టు కాళ్ల పొడవూ చేతుల పొడవూ కొలిచి ఇచ్చి హైదరాబాదులో సన్నని గొట్టాలతో చేయించుకొచ్చిన చట్రం, హన్మకొండ రేసు కోసం, మిగతాదంతా వాల్యా చేశాడు, గుట్ట కింద రోడ్డు మీద రేకుల డబ్బాలో సైకిళ్లు బాగుచేసే వాల్యా, రెండు నెలలు మా వాకిట్లోనే కూర్చుని మడ్‌గార్డులు విప్పాడు, క్యారియర్, స్టాండు, గంట, చైన్ కవరు విప్పాడు, బరువు తగ్గాలని పళ్ల చక్రానికి కూడా తూట్లు పొడిచాడు, ఒక్కో సామాను తీసినప్పుడల్లా పత్తి కాంటాకు వేలాడదీసి చూసేవాళ్లు, పదకొండు కిలోలకు దిగిన రోజు అన్న రెండు వేళ్లతో ఎత్తి పట్టి చూడవే ఊర్మిళా, మన మేకపిల్ల దీనికంటె బరువుంటది అన్నాడు, అవ్వ పొగాకు ఉమ్మి, బొక్కలు దప్ప ఏం మిగిలినయిరా దానికి, జర కుడితి తాపుండ్రి అన్నది, వాల్యా కూడా నవ్వాడు, నేనూ నవ్వాను, ఆఖరున అన్న, ఎనుకటి బ్రేకు గూడ తీసెయ్ వాల్యా అన్నాడు, వాల్యా పానా కింద పెట్టి, వద్దు చిన్న పటేలా, ముంగటిది ఒక్కటే ఏం ఆపుతది అన్నాడు, రేసుల ఆగేదెవడు, తియ్ అన్నాడు అన్న, వాల్యా తీశాడు, తీసి, చక్రం పట్టుకుని కూర్చున్న నాతో, చిన్నమ్మా, గీ రిమ్ముకు జిడ్డు తగలనియ్యకు, బ్రేకు రబ్బరు దీన్నే వట్టుకోవాలె అన్నాడు, నేను తల ఊపాను, ఊపిన తలేనా ఇది, పొద్దున కర్రు అయిపోయాక గొడ్డలి, గొడ్డలి అయిపోయాక కత్తిపీట, కత్తిపీట అయిపోయాక సైకిల్, చెయ్యి దాని దారిన అది పోయింది, రెండు రిమ్ములూ చుట్టూ తిప్పి తిప్పి రాసింది.

ఊరు దాటితే గుట్ట ఎక్కుడు, ఎక్కితే దిగుడు, దిగుడు చివర ఒర్రె మీద చిన్న వంతెన, మోరీ, మోరీ పక్క గోడ పోయిన వానల్లో కొట్టుకుపోయింది, అన్న ఇప్పుడు ఎక్కుతూ ఉంటాడు, పరుగెత్తితే అందుతానా, అందను, నాయినకు చెబితే బండి తీసి పోతాడు, లేవాలి, చెప్పాలి, లేచాను, పడక కుర్చీ ముందర నిలబడ్డాను, నాయిన కళ్లు మూసుకున్నాడు, పండుగ పూట లేపి అన్న చస్తడు అని ఎట్లా అనేది, ఒకవేళ ఏమీ కాకపోతే, దుమ్ముకు నూనె ఆరిపోతే, మాట నోట్లోనే ఉంది, అర్రలోకి పోయి నా నోటుబుక్కు తీసి రాశాను, రిమ్ముకు ఆముదం రాశాను, నేనే రాశాను అని, అక్షరాలు చూస్తే ఇంకా భయమేసి పుస్తకం మూసేశాను, ఎక్కుడు అయిపోయి ఉంటుంది, ఇప్పుడు దిగుతూ ఉంటాడు, తొక్కకుండానే దూసుకుపోతూ ఉంటాడు, దేవుడా దారిలో బర్రెలు అడ్డం రాకుండా చూడు, ఊర్మిళా విస్తరాకులు కడుగు అని అమ్మ పిలుస్తోంది, కడిగినవే మళ్లీ కడుగుతున్నాను.

మోటార్‌సైకిల్ చప్పుడు వాకిట్లో ఆగింది, మా బడి లెక్కల సారు జగన్మోహన్ గారు, వెనక అన్న, గదవ చీరుకుపోయింది, మోచెయ్యి, మోకాలు రక్తం, మోకాలికి ఎవరిదో తువ్వాల కట్టి ఉంది, కానీ కూర్చున్నాడు, కళ్లు తెరిచే ఉన్నాడు, అమ్మ గంటె పట్టుకునే ఉరికి వచ్చి కొడుకా అని ఏడ్చింది, సారు అన్నాడు, భయపడకుండ్రి, బొక్కలు ఇరగలేదు, మోరీ కాడ కంపల వడ్డడు, ముందుగల జూసింది వాల్యానే, ఒర్రెల దిగి తీసిండు, తువ్వాల గూడ ఆయినదే, అని సారు పోయాడు, అన్న బతికాడు, బతికాడు అనుకునేలోపే నాయిన లేచాడు, ఎట్ల వడ్డవురా అన్నాడు, బ్రేకు వట్టలే నాయినా, గట్టిగ వట్టిన, జారిపోయింది అన్నాడు అన్న, బ్రేకు ఎవడు బిగించిండు అన్నాడు నాయిన, వాల్యా అన్నాడు అన్న, ఎనుకటిది ఊడవీకింది ఎవడు, అన్న కాసేపు మోకాలు చూసుకున్నాడు, వాల్యానే అన్నాడు, నువ్వే తియ్యమన్నావు కదా అన్నా, అది కూడా నా నోట్లోనే ఉండిపోయింది.

అప్పుడే వాల్యా వచ్చాడు, సైకిల్‌ను భుజాన వేసుకుని గుట్ట దాటి నడిచి వచ్చాడు, ముందు చక్రం అప్పడంలా వంగింది, దించి గోడకు ఆనించి, చిన్న పటేలుకు ఎట్లుంది పటేలా అని అడిగాడు, నాయిన వాల్యాను చెంప మీద కొట్టాడు, ఆ చప్పుడుకు అవ్వ నమలడం ఆపింది, తండకెల్లి వచ్చి రోడ్డు మీద కూసోనిస్తె నా కొడుకును సంపుతవురా, రేపు పొద్దుగూకెవరకు నీ డబ్బ అక్కడ కనవడొద్దు, కనవడితె అగ్గి వెడుత అన్నాడు నాయిన, వాల్యా చెంప తడుముకోలేదు, వంగి బ్రేకు రబ్బరు చూశాడు, రిమ్ము మీద వేలితో గీశాడు, ముక్కు దగ్గర పెట్టుకున్నాడు, ఆగాడు, వరుసగా పసుపు పెట్టి ఉన్న కర్రును, గొడ్డలిని, కత్తిపీటను చూశాడు, తర్వాత నన్ను చూశాడు, తెలిసింది, ఆయనకు తెలిసింది, ఇప్పుడు చెబుతాడు, చెప్పేస్తే బాగుండు, చెప్పొద్దు దేవుడా, వాల్యా వేలిని ధోతికి తుడుచుకుని, తప్పయింది పటేలా, పెండ్లాం పిల్లలున్నరు, డబ్బ తీపియ్యకుండ్రి అన్నాడు, తప్పయింది అన్నాడు, నాది తీసుకుని తనదని అన్నాడు, నాయిన మళ్లీ చెయ్యి ఎత్తాడు, నా నోరు నా ప్రమేయం లేకుండానే తెరుచుకుంది, నాయినా, నేనే, రిమ్ముకు ఆముదం నేనే రాసిన, వాల్యా రాయొద్దని చెప్పిండు, నేనే మర్శిన.

అన్న గోడకు తల తిప్పుకున్నాడు, నాయిన చెయ్యి దించి నా దగ్గరికి వచ్చాడు, కొడతాడనుకుని కళ్లు మూసుకున్నాను, కొట్టలేదు, భుజం పట్టి మెల్లగా అర్రలోకి నడిపించి, నువ్వు లోపట ఉండు బిడ్డా అన్నాడు, అని తలుపు వేశాడు, బయట గొళ్లెం పడింది, చీకట్లో నిలబడి ఆలోచిస్తున్నాను, నా గొంతు చిన్నది, ఎప్పుడు ఏం చెప్పినా ఏంది, జర గట్టిగ చెప్పు అని రెండుసార్లు అడిగే మనిషి ఇవాళ ఒక్కసారి కూడా అడగలేదు, తలుపు అవతల అదే గొంతు, రేపు పొద్దుగూకెవరకు నీ డబ్బ కనవడొద్దు అంటోంది, నాయినకు నా మాట వినబడింది.