ఉప్పు చల్లిన ఆకాశం

మా అమ్మాయి రేపు బడికి పట్టుకెళ్లాల్సిన బొమ్మలో నీటిరంగులతో రాత్రి ఆకాశం వేస్తోంది. దళసరి కాగితం ఆ ఒక్కటే మిగిలింది. నేను పక్కనే పొయ్యి మీద కస్టర్డ్ కలుపుతూ ఒక కన్ను దాని మీదే ఉంచాను. నా చదువు మధ్యలోనే ఆగిపోయింది. దాని బడి పని ఏదొచ్చినా నాకు గుండె దడే.

"గ్లాసు పడేస్తావే, జాగ్రత్త," అంటూ కుంచె కడిగే నీళ్ల గ్లాసు జరపబోయి నేనే పడేశాను. నీళ్లు సగం ఆకాశాన్ని ముంచేశాయి. వంటగట్టు మీద నూనె ఒలికితే ఉప్పు చల్లడం నాకు అలవాటు. చెయ్యి ఆగలేదు, బొమ్మ మీదా గుప్పెడు చల్లేశాను.

"బొమ్మకి ఉప్పెందుకమ్మా?" అమ్మాయి కుంచె కింద పెట్టేసింది.

"చప్పగా ఉందేమోలే," అంది అత్తయ్య గుమ్మంలోంచి.

ఏడుపు కనబడకుండా పొయ్యి వైపు తిరిగి, చేతికందిన డబ్బాలోంచి రెండు చెంచాలు కస్టర్డ్‌లో వేసి కలిపాను.

బొమ్మ ఆరాక అమ్మాయి ఉప్పు దులిపింది. ఉప్పు రేణువు పడిన ప్రతిచోటా రంగు విచ్చుకుని తెల్లటి చుక్క మిగిలింది. ఆకాశం నిండా నక్షత్రాలు.

"టీచర్ అడిగితే మా అమ్మ నేర్పిందని చెప్తా," అంది.

నేను పొంగిపోయి అందరికీ కస్టర్డ్ పెట్టాను. అత్తయ్య ఒక చెంచా నోట్లో పెట్టుకుని, గబగబా గ్లాసెడు నీళ్లు తాగింది.

"ఇందులోనూ నక్షత్రాలు వేశావా తల్లీ?"