ముప్పైతొమ్మిది అంటే ఎంత?

మూడు రోజులుగా అబిదాకు కంటి మీద కునుకు లేదు. రెండేళ్ల జమీలాకు జ్వరం. "నూటమూడు దాటితే ఆలోచించకుండా బండి కట్టించుకొని రా" అని నరసరావుపేట డాక్టరు మరీమరీ చెప్పి పంపాడు. ఆయన దగ్గర తెచ్చుకున్న థర్మామీటరు పొద్దున విదిలిస్తుంటే రోటికి తగిలి పగిలిపోయింది. యుద్ధంలో లారీలు నడిపి వచ్చిన మరిది సుభానీ ఈజిప్టు నుంచి తెచ్చినది ఒకటుంటే, దాన్ని తీసి పిల్ల చంకలో పెట్టింది. పాదరసం నలభై దగ్గర ఆగింది.

అబిదా వెలుతురులోకి తిప్పి మళ్లీ చూసింది. నలభయ్యే. బాగున్న ఒంటికే తొంభై ఎనిమిదిన్నర ఉండాలి గదా! పిల్ల వణుకుతోంది కూడా. ఒళ్లు చల్లబడిపోతోందనుకొని గొంగళి కప్పి, మంచం పక్కన కుంపటి రాజేసింది.

అత్త బషీరున్నీసా వచ్చి పిల్ల నుదురు తాకింది.

"ఏమే, ఒళ్లు పెనంలా కాలతా ఉంటే కుంపటేందే? పిల్లేమన్నా మొక్కజొన్న పొత్తా?"

"నలభయ్యే చూపిస్తంది అత్తమ్మా!"

"దాన్ని కన్నది నువ్వా, ఆ గాజుపుల్లా?"

అన్నానికి వచ్చిన సుభానీ సంగతి విని నెత్తి కొట్టుకున్నాడు. "వదినా, ఇది ఆ దేశపు కొలత. అక్కడ నాకు జ్వరమొచ్చి నలభై చూపిస్తే, మన లెక్కలో నూటనాలుగని డాక్టరు చెప్పాడు. ముప్పైఏడుకు దిగినాక జ్వరం లేదు పొమ్మన్నారు. ఉండు, బండి తెస్తా."

"ఈ ఎండలో రెండు కోసుల దూరం పోతారా? ముందు తడిగుడ్డలెయ్యండి" అంది అత్త.

అబిదా గొంగళి లాగి పారేసింది. గుడ్డలు తడిపి వేస్తూనే ఉంది. కాసేపటికి పాదరసం ముప్పైతొమ్మిది చూపించింది.

"ముప్పైతొమ్మిదంటే ఎంత, సుభానీ?"

"నాకు ఆ రెండే తెలుసు వదినా. మధ్యలోవి అడగలా."

అబిదా బొగ్గుముక్క తీసుకొని గోడ దగ్గర కూలబడింది. ముప్పైఏడంటే తొంభై ఎనిమిదిన్నర, నలభయ్యంటే నూటనాలుగు; మూడు మెట్లకు ఐదున్నర. మెట్టుకు రెండుకు కాస్త తక్కువ. ముప్పైతొమ్మిదికి అట్లా రెండు మెట్లు. నూటరెండు పైచిలుకు వచ్చింది. మళ్లీ వేసింది. అంతే వచ్చింది.

"నూటమూడు దాటలేదుగా! పొద్దు వాలినాక చూద్దాంలే" అంది అత్త, చాప పరుస్తూ. "కాసేపు పడుకో. మొహం చూడు, పీక్కుపోయింది."

చాప చూడగానే అబిదా ఒళ్లంతా బరువెక్కింది. ఐదో తరగతిలో భిన్నాలు మొదలైన నెలలోనే తనను బడి మానిపించారు. ఆ నెలంతా పలక నిండా తప్పులే.

"బండి కట్టించు సుభానీ."

"లెక్క కుదిరిందిగా వదినా?"

"ఏసింది నేను గదా" అని గోడ పట్టుకొని లేచింది.